ఆసుపత్రి ఎదురు బేకరీ

ఫిబ్రవరి 3

అయిపోయింది. లాకర్లు ఖాళీ చేసి తాళంచెవులు ఇచ్చేశాం. మేనేజరు అందరికీ చెయ్యి కలిపి, "మీలాంటి వాళ్ళకి పనికేం కొదవ" అన్నాడు. కొదవ లేకపోతే ఆయన కళ్ళెందుకు ఎర్రగా ఉన్నాయో మరి.

గేటు దాటగానే చిట్టి నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. చేస్తున్న హోటలు మూతపడితే నవ్వేవాళ్ళుంటారా? క్రీము పూలు వేసే గొట్టాల పెట్టె చంకలో పెట్టుకుని పెళ్ళికి వెళ్తున్నట్టు నడుస్తోంది.

"అక్కా, ఇక మనమే పెట్టేద్దాం. మా ఇంటి కింద కారు షెడ్డు ఖాళీగా ఉంది. ఒక్క కరెంటు ఓవెన్ చాలు. కొట్టూ వద్దు, బోర్డూ వద్దు. ఆర్డరు మీద కేకులు చేసిద్దాం. కేకు నీది, పైన పూలు నావి."

షెడ్డులో కేకులట. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే పేరు కూడా అనుకుందట.

ముప్ఫై ఆరేళ్ళొచ్చినా ఇంకా చిన్నపిల్లే. అమ్మ పోయాక దానికి జడ వేసింది నేను. బడికి పంపింది నేను. హోటల్లో పక్కన నిలబెట్టుకుని పని నేర్పింది నేను. మొగుణ్ణి వదిలేసి వచ్చినప్పుడు ఎందుకని అడక్కుండా అన్నం పెట్టింది కూడా నేనే. దాని మంచిచెడ్డలు నేను కాక ఎవరు చూస్తారు?

హోటలు వాళ్ళు ఇచ్చే డబ్బు ఇద్దరిదీ కలిపితేనే ఏదైనా అయ్యేది. విడివిడిగా అయితే కూర్చుని తినడానికే సరి.

ఫిబ్రవరి 9

హోటలుకి మైదా వేసే ఆయన దారిలో కనబడి చెప్పాడు, ఆసుపత్రి ఎదురుగా ఉన్న బేకరీ అమ్మకానికి ఉందట. బస్సు దిగి అటే వెళ్ళాను.

మలుపు మీద కొట్టు. ముందు గాజు అల్మారా, దాని వెనక చెక్క బల్ల, లోపల ఇటుకల బట్టీ. ఎన్ని ఏళ్ళ నుంచి మండుతోందో, గోడ మీద చెయ్యి పెడితే ఒంటి వేడిలా తగిలింది. పిండి కలిపే మిషను పాతదే కానీ గట్టిది. నేను వెళ్ళింది సాయంత్రం, రోగుల్ని చూడ్డానికి జనాన్ని లోపలికి వదిలే వేళ. ఇసకేస్తే రాలనంత జనం. మెత్తటి బ్రెడ్డు, రస్కులు, పాల బన్నులు. కొట్టు నడిపే పెద్దాయన ఒక్కడే పొట్లాలు కట్టలేక అవస్థ పడుతుంటే నేనే లోపలికెళ్ళి కాగితాల్లో చుట్టిచ్చాను. వద్దనలేదాయన.

జనం పలచబడ్డాక అడిగాను, ఎందుకు అమ్ముతున్నారని.

"మోకాళ్ళమ్మా" అని రెండు మోకాళ్ళ మీదా చేతులు పెట్టుకున్నాడు.

కొడితే ఇలాంటిదే కొట్టాలి. వడ్డించిన విస్తరి. మొదటి రోజునే బట్టీ వెచ్చగా ఉంటుంది, మొదటి రోజునే గిరాకీ గుమ్మంలో ఉంటుంది.

ఫిబ్రవరి 10

మళ్ళీ వెళ్ళాను. ఊరికే, చూడ్డానికి.

ఫిబ్రవరి 14

చిట్టి భోజనానికి వచ్చింది. తిన్నాక విషయం కదిపాను.

"పాత కొట్టంటే పాత రోగాలు కూడా మనవేగా అక్కా" అంది.

"కొత్తదంటే? ఊరూ పేరూ లేని షెడ్డుకి ఎవడొస్తాడు?"

"రారు. మనమే వెళ్ళాలి. మొదట్లో కష్టమే. కానీ ఇది చిన్నది, పోతే కొంచెమే పోతుంది. అది పెద్దది, పోతే అంతా పోతుంది."

"ముందే పోవడం గురించి ఆలోచించేవాళ్ళు వ్యాపారం చెయ్యకూడదు" అన్నాను.

మా ఆయన మధ్యలో దూరి, "మీ అక్కాచెల్లెళ్ళు తేల్చుకోండి. నాకు తెలిసిందల్లా బడి వ్యాను. అందులోనూ పిల్లలు చెప్పినట్టే నడుపుతా" అన్నారు. చిట్టి పగలబడి నవ్వింది. బావా మరదళ్ళిద్దరూ ఒకటే తీరు.

ఆయన్ని విడిగా అడిగితే, "చిట్టి చెప్పేదాంట్లో కూడా ఏదో ఉందోయ్" అన్నారు. ఏముందో చెప్పమంటే చెప్పలేకపోయారు.

ఫిబ్రవరి 20

చిట్టిని బేకరీకి తీసుకెళ్ళాను. బట్టీ చూపించాను, మిషను చూపించాను. అది మాత్రం అవన్నీ వదిలేసి వచ్చేపోయే జనాన్ని చూస్తూ నిలబడింది.

"వీళ్ళంతా ఆసుపత్రి వాళ్ళేనా తాతా? ఈ వీధి వాళ్ళు రారా?"

"వస్తారమ్మా, వాళ్ళూ వస్తారు" అన్నాడు పెద్దాయన.

అప్పుడే ఒక నర్సమ్మ రస్కులు కొనుక్కుంటూ, "మేమంతా వెళ్ళిపోయాక ఎవరికి అమ్ముతావు తాతా?" అని నవ్వింది. ఆయన చిల్లర లెక్కపెట్టుకుంటూ తలెత్తలేదు.

దారిలో చిట్టి అదే పట్టుకుంది. "వెళ్ళిపోవడమేంటక్కా? ఎక్కడికి?"

"నర్సులకి బదిలీలుండవా? ఒకళ్ళు పోతే ఇంకొకళ్ళొస్తారు. రోగాలున్నంత కాలం నర్సులుంటారు" అన్నాను.

బాగానే చెప్పాననిపించింది.

ఫిబ్రవరి 27

షెడ్డు చూడమని ఒకటే పోరు పెడితే వెళ్ళాను. నేల కడిగి, ఒక గోడకి లేత పసుపు రంగు వేసింది. మిగతా గోడలు బూజే. మూలన నూనె మరక ఇంకా పోలేదు. ఇంటివాళ్ళ పాప పుట్టినరోజుకి కేకు చేసిచ్చిందట. అది తిన్నవాళ్ళలో ముగ్గురు ఆర్డర్లిచ్చారట. ఒక కేకు నాకోసం దాచింది. తెల్ల క్రీము మీద చిన్న చిన్న ఊదా పూలు. ఆకుల మీద ఈనెలు కూడా కనబడుతున్నాయి.

బాగుంది అన్నాను. కొంచెం తీపెక్కువైంది అని కూడా అన్నాను.

ఎక్కువేమీ కాలేదు.

మార్చి 2

"తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు" అన్నారాయన, షర్టు గుండీలు పెట్టుకుంటూ. చిట్టి గురించే అయ్యుంటుంది.

మార్చి 6

ఇవాళ జరిగింది రాయకపోతే నాకు ఊపిరాడదు.

మధ్యాహ్నం చిట్టి వచ్చింది. నడిచి వచ్చినట్టుంది, మొహమంతా చెమట. చెప్పులు కూడా విప్పకుండా, "అక్కా, కూర్చో. ఆ బేకరీ గురించి ఒక మాట చెప్పాలి" అంది.

పెద్దాయనకి రేపు మాట ఇస్తానని చెప్పి ఉన్నాను. ఇంకొకళ్ళెవరో కూడా అడుగుతున్నారట, చేజారిపోతుందేమోనని పొద్దున్నుంచీ ఒకటే గాభరా. ఈ మనిషేమో మళ్ళీ మొదటికొచ్చింది.

"నువ్వేం చెప్తావో నాకు తెలుసు" అన్నాను.

"తెలీదక్కా. ఒక్కసారి విను."

"ఏం వినాలి? సంగీతం క్లాసన్నావు, మానేశావు. కంప్యూటరన్నావు, మానేశావు. దేన్ని చివరిదాకా నిలబెట్టావు గనక? కాపురం నిలబెట్టుకున్నావా?"

నోట్లోంచి వచ్చేసింది. 

చిట్టి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వంటింట్లోకెళ్ళి మంచినీళ్ళు తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. వచ్చి, "సరే అక్కా. సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పు, పెడతాను" అంది.

"మనస్ఫూర్తిగానేనా?"

"మనస్ఫూర్తిగానే."

ఏం చెప్పాలని వచ్చిందో? షెడ్డు గురించే అయ్యుంటుంది. ఇంకేముంటుంది.

మార్చి 7

మాట ఇచ్చేశాను. చిట్టి కూడా ఒప్పుకుంది. నేనేం బలవంతపెట్టలేదు.

మార్చి 19

కాగితాలయ్యాయి. తాళాలు చేతికొచ్చాయి. పెద్దాయన వెళ్తూ వెళ్తూ బట్టీ తలుపు ఒకసారి తీసి, మళ్ళీ వేశాడు. నేను అల్మారాలో పరచడానికి కాగితం కొలుచుకుంటున్నాను. ఆయన చిట్టి దగ్గరికెళ్ళి ఏదో అడిగాడు. అది తలూపి, "ఏం ఫర్వాలేదు తాతా, మీరు వెళ్ళండి" అంది. బట్టీ గురించి జాగ్రత్తలు కాబోలు.

ఎన్నాళ్ళకి ఇంత హాయిగా ఉందో. కూని రాగం తీస్తున్నానట, మా ఆయనే చెప్పారు.

ఏప్రిల్ 6

మొదటి రెండు వారాలూ ఊపిరి సలపలేదు. తెల్లవారుజామున పిండి పొంగేసరికి బ్రెడ్డు అచ్చులకి నూనె రాసి ఉంచాలి. పొద్దున్నే డ్యూటీ దిగే నర్సులు, తర్వాత టిఫిను తేని చుట్టాలు, సాయంత్రం మళ్ళీ జనం. చేతులు బొబ్బలెక్కాయి. అయినా బాధ లేదు. మన బట్టీకి కాలిన చెయ్యి మనదే.

చిట్టి చెప్పిన పనల్లా చేస్తోంది. మాట తక్కువ.

ఒక గాజు అరలో దాని కేకులు పెట్టుకోమన్నాను. రెండు చేసి పెట్టింది. ఎవరూ కొనలేదు. ఆసుపత్రికి పూల కేకు పట్టుకెళ్ళేదెవరు? మూడో రోజు తనే తీసేసి ఆ అరలో రస్కు పొట్లాలు సర్దింది.

"పోనీలే, అలవాటు కానీ" అన్నాను.

"ఊఁ" అంది.

ఏప్రిల్ 28

ఆసుపత్రి గేట్లోంచి లారీ వెళ్ళింది, నిండా ఇనప మంచాలు. పాతవి మారుస్తున్నారు కాబోలు. మంచిదే. కొత్త మంచాలొస్తే ఇంకా ఎక్కువమంది రోగుల్ని చేర్చుకుంటారు.

చిట్టి గుమ్మంలో నిలబడి లారీ మలుపు తిరిగేదాకా చూసింది.

మే 3

ఇంకో లారీ.

మే 11

రస్కుల నర్సమ్మ వచ్చింది. డ్యూటీ బట్టల్లో లేదు. రోజూ కొనే దానికి రెట్టింపు కట్టమంది. "ఇక ఇటువైపు రావడం పడదమ్మా, ఇదే ఆఖరు" అంది.

"బదిలీనా?"

వింతగా చూసింది. "బదిలీ ఏంటి, ఆసుపత్రే పోతోందిగా! ఊరి బయట కొత్త బిల్డింగు కట్టారు కదా. ఈ నెలాఖరుకి ఇక్కడంతా ఖాళీ. మీకు తెలీదా? రెండేళ్ళుగా అనుకుంటున్నదేగా."

పొట్లం కట్టే దారం చేతిలోనే ఉండిపోయింది. చిట్టి వచ్చి నా చేతిలోంచి తీసుకుని కట్టిచ్చింది.

మే 12

ఏం రాయను.

జూన్ 8

గేటుకి గొలుసు పడింది. వాచ్‌మన్ ఒక్కడే కుర్చీలో. అతనికి రోజూ ఒక బన్ను కావాలి, అతనే ఇప్పుడు మా పెద్ద గిరాకీ.

ఈ వీధి వాళ్ళు వస్తారన్నాడు పెద్దాయన. వస్తారు, చిల్లర మార్చుకోడానికి.

మిగిలిన బ్రెడ్డంతా ఇంటికే. పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం బ్రెడ్డు. "ఇంకొన్నాళ్ళు పోతే నేను కూడా పొంగుతానోయ్, అచ్చులో పెట్టి కాల్చెయ్" అన్నారాయన. నవ్వాలని చూశాను.

బట్టీకి కట్టెలు తగ్గించాం. రోజూ మండకపోతే ఇటుకలు చెమ్మ పట్టి పగుళ్ళిస్తాయి. రోజూ మండిద్దామంటే కాల్చేందుకేమీ లేదు.

జూన్ 17

కొత్త ఆసుపత్రి దగ్గర అమ్ముదామని రెండు బుట్టలు పట్టుకుని బస్సెక్కాం. ఎంత పెద్ద బిల్డింగో. లోపలే క్యాంటీనుంది, అద్దాల తలుపులతో. సెక్యూరిటీ అతను మర్యాదగానే చెప్పాడు, బయటి తిండి లోపలికి పంపించరని. గేటు పక్కన నిలబడదామంటే అక్కడా వద్దన్నాడు. రోడ్డుకి అవతల చెట్టూ లేదు, నీడా లేదు. చిట్టి బుట్ట మీద తన చున్నీ కప్పి మధ్యాహ్నం దాకా నిలబడింది. అమ్ముడుపోయింది చెప్పుకునేంత లేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా భుజం మీద నిద్రపోయింది, చిన్నప్పటిలా. లేపబుద్ధి కాక మా స్టాపు దాటిపోయాక దిగాం.

జూలై 4

పెద్దాయన కూతురింట్లో ఉంటున్నాడని తెలిసి వెళ్ళాను. కడిగేద్దామనే వెళ్ళాను. దారంతా ఏమేం అనాలో అనుకుంటూనే ఉన్నాను.

వరండాలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేవబోయి లేవలేకపోయాడు. మోకాళ్ళు నిజంగానే బాగాలేవు.

"మోసం చేశారు కదండీ" అన్నాను. అనుకున్నవన్నీ మర్చిపోయి ఇదొక్కటే వచ్చింది.

"మీ చెల్లెలు చెప్పలేదామ్మా?"

"ఏం చెప్పడం?"

"ఒకరోజు ఒక్కతే వచ్చింది. ఆసుపత్రి ఆఫీసులో అడిగి తెలుసుకుని వచ్చింది. నిజమేనా తాతా అని నిలదీసింది. అబద్ధమాడలేకపోయాను. నిజమే తల్లీ, మీ అక్కకి నేనే చెప్పేస్తాను అన్నాను. వద్దు తాతా, మీరు చెప్తే తట్టుకోలేదు, నేనే మెల్లిగా చెప్తానని పరిగెత్తుకుంటూ వెళ్ళింది. మర్నాడు మీరొచ్చి మాట ఇచ్చారు. తెలిసే కొంటున్నారనుకున్నాను. నా స్వార్థం కొద్దీ అలా అనుకున్నానేమో. తాళాలిచ్చిన రోజు కూడా అడిగాను. ఏం ఫర్వాలేదు, వెళ్ళమంది."

వాళ్ళమ్మాయి టీ తెచ్చిపెట్టింది. తాగాను. ఎందుకు తాగానో తెలీదు.

జూలై 5

చిట్టి మిషను తుడుస్తోంది. వాడకపోయినా రోజూ తుడుస్తుంది.

"ఆ రోజు నువ్వు చెప్పడానికొచ్చింది ఆసుపత్రి సంగతేనా?"

గుడ్డ ఆగింది. "ఊఁ."

"మరెందుకు చెప్పలేదే? నేనేదో అన్నాననుకో. కోపంలో అన్నాను. దులుపుకుని చెప్పొచ్చుగా! తర్వాతైనా చెప్పొచ్చుగా! సంతకాలకి ముందు ఎన్ని రోజులున్నాయి!"

గట్టిగా అరిచినట్టున్నాను. రోడ్డు మీద ఎవరో తిరిగి చూశారు.

"చెప్తే కొనేదానివి కాదక్కా" అంది, నెమ్మదిగా. "షెడ్డుకి వచ్చేదానివి. ఇష్టం లేకుండా వచ్చేదానివి. అక్కడ ఎప్పుడో ఒక కేకు మాడుతుంది, ఒక నెల ఆర్డర్లు రావు. అప్పుడు మళ్ళీ ఆ మాటే అంటావు. నువ్వనకపోయినా, అంటావేమోనని నేను రోజూ ఎదురుచూస్తూ ఉండాలి. ఇంటికెళ్ళి చాలా ఆలోచించాను. ఆ మాట ఇంకోసారి వినడం కన్నా డబ్బు పోవడమే నయమనిపించింది."

"అది నీ డబ్బు కూడానే."

"తెలుసు."

తర్వాత మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

అలా అనాల్సింది కాదే అని అప్పుడే అనాల్సింది. నోరు తెరిచాను కూడా. "ఆ మూల ఇంకా జిడ్డుంది చూడు" అన్నాను.

ఆగస్టు 2

కొట్టు ఎవరూ కొనలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు గేటు గొలుసు చూసి అటునించి అటే వెళ్ళారు. మిషనూ, అచ్చులూ, ట్రేలూ, గాజు అల్మారా పాత సామాన్లాయన పట్టుకుపోయాడు. బట్టీ ఎవరికీ అక్కర్లేదు. కొట్టు గది అద్దెది కదా, కూలగొట్టి ఇవ్వాలట, ఆ కూలి కూడా మాదే.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, చిట్టి షెడ్డు అడిగి చూశాను. ఇంటివాళ్ళు ఎప్పుడో అద్దెకిచ్చేశారట. లేత పసుపు గోడకి ఆనుకుని ఎవరిదో కారుంది.

ఆగస్టు 19

చిట్టికి వేరే ఊళ్ళో కేకుల ఫ్యాక్టరీలో పని దొరికింది. ఉండడానికి గది వాళ్ళే ఇస్తారట. నాకు చెప్పకుండానే వెతుక్కుంది.

బస్సు స్టాండుకి ఆయనా నేనూ వెళ్ళాం. ఆయన కిటికీలోంచి నీళ్ళ సీసా అందించి, "వెళ్ళగానే ఫోన్ చెయ్యి, లేకపోతే మీ అక్క నన్ను కాల్చుకుతింటుంది" అన్నారు. నవ్వింది. పొద్దున్నుంచి ఒక్క వాక్యం కూర్చుకుంటున్నాను. కిటికీ దగ్గరికెళ్ళాను.

"దుప్పటి పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నానక్కా."

"దిండు?"

"అక్కడిస్తారట."

బస్సు కదిలింది.

ఆగస్టు 20

చేరిందట. ఆయనకి ఫోన్ చేసి చెప్పింది.

అక్టోబరు 9

ఇవాళ చిట్టి నాకే ఫోన్ చేసింది. బడి వంటింట్లో పని ఎలా ఉందని అడిగింది. ఆయన ఇప్పించిన పనే అది, పిల్లల మధ్యాహ్నం భోజనం వండడం. బాగానే ఉందన్నాను. నీ పనెలా ఉందంటే, బెల్టు మీద కేకులు వస్తుంటాయట, ఒక్కో దాని మీద ఒక్కో గులాబీ వెయ్యాలట. ఆకులు వెయ్యక్కర్లేదు, టైము చాలదు.

"ఆకుల్లేకుండా గులాబీ ఏంటే?" అన్నాను.

"అంతే అక్కా ఇక్కడ."

మాట ఆగిపోతుందేమోనని గబగబా చెప్పేశాను. నా జీతంలో కొంచెం కొంచెం పక్కన పెడుతున్నానని, ఒకటి రెండేళ్ళలో చిన్న ఓవెన్ ఒకటి కొనొచ్చని, షెడ్డు కాకపోతే మా ఇంటి వెనక గదే ఖాళీ చేద్దామని. "ఈసారి నువ్వు చెప్పినట్టే చేద్దామే. ఏం చేద్దామో నువ్వే చెప్పు. నేను మధ్యలో ఒక్క ముక్క మాట్లాడను. ఆ రోజు నేను అన్నది..."

"పోనీలే అక్కా."

"లేదు, చెప్పు. ఏం చేద్దాం?"

అటునుంచి ఫ్యాక్టరీ చప్పుడు వినబడుతోంది. ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు.

"ఏమో అక్కా. నాకిప్పుడేమీ తోచట్లేదు" అంది.

కోపంగా అనలేదు. ఏడుస్తూ కూడా అనలేదు. అడిగితే వేళెంతో చెప్పినట్టు చెప్పింది. తర్వాత షిఫ్టుకి టైమైందని పెట్టేసింది.

దానికి ఏమీ తోచకపోవడం ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చూళ్ళేదు.